కూరకు అభ్యంతరం లేదు

ఆకలి రుచి ఎరుగదంటారు. ఆ మాట అన్నవాళ్లెవరో గానీ, సాతంరాయిలో ఒక్క ఆదివారమైనా వడ్డన చేసి ఉండరు. నేను చేశాను. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది చేరి, రాష్ట్రం రెండయిన ఏడాది రిటైరయ్యేదాకా, ఆ పక్కనే ఉన్న సాతంరాయిలో ఒక భజన మండలి సేవాకేంద్రానికి నేను నిర్వాహకురాలిని. అంతకుముందు గుడివాడలోనూ హైదరాబాదులోనూ ఆడపిల్లల హాస్టళ్లలో వార్డెన్‌గా చేశాను కాబట్టి అన్నం పెట్టి తిట్లు తినడం నాకు కొత్త కాదు.

ఈ మధ్య ఇలాంటి ఉద్యోగాల్లోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. సంతోషమే. ఇద్దరు ముగ్గురు నా దగ్గరకు వచ్చి "పేదవాళ్ల అవసరాలు ఎలా తెలుసుకోవాలి మేడమ్?" అని అడిగారు. అడిగితే చెబుతారమ్మా, కాకపోతే వాళ్లు చెప్పింది మీకు అర్థమయిందనుకోకండి అన్నాను. వాళ్లు తల ఊపి వెళ్లిపోయారు. అర్థమయినట్టు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వంకర బకెట్లు

మా మండలి అధ్యక్షులు కోటేశ్వరరావు గారు. మాది కృష్ణా జిల్లా అయితే ఆయనది గుంటూరు జిల్లా. ఎప్పుడో వచ్చి కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్ల కార్ఖానా పెట్టుకున్నారు. బకెట్లు బాగా అమ్ముడుపోయాక భక్తి మొదలైంది. భక్తితో పాటు శాకాహారం వచ్చింది. పుట్టుకతో శాకాహారులైన వాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లు ఎదుటివాళ్ల పళ్లెం జోలికి పెద్దగా పోరు. నడివయసులో మానేసినవాళ్లతోనే వస్తుంది చిక్కు. వాళ్లకు తాము మానేస్తే చాలదు.

కార్ఖానాలో అచ్చు సరిగా పడని బకెట్లన్నీ మా కేంద్రానికి వచ్చేవి. ఒకదానికి మూతి వంకర, ఒకదానికి అడుగు వంకర. చారు బకెట్ కింద పెడితే తనంతట తానే చుట్టూ తిరిగి ఆగేది. వడ్డించేవాళ్లకు అన్నం ఎక్కడ ఉందో తెలిసేది గానీ, గరిటె ఎటునుంచి పెట్టాలో తెలిసేది కాదు.

ఆయన మంచివారు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవి వింటే మీకు అనుమానం వస్తుంది. ఇచ్చిన మాట తప్పని మనిషి. ఎవరికైనా "సరే" అన్నారంటే అది తప్పు సరే అని తర్వాత తెలిసినా సరే. వాన పడినా వస్తానన్నారని గొడుగు తిరగబడి, పంచె తడిసి వచ్చిన రోజులున్నాయి. కాకపోతే అందరినీ బళ్లో పిల్లల్లాగా చూసేవారు. ముందు భజన, తర్వాతే భోజనం. ఆకలి మీదున్న మనుషులు భజన ఎలా చేస్తారో మీరు విని ఉండరు. షెడ్డు వెనక పోపు వేగిన వాసన వచ్చేసరికి తాళం వేగం పెరిగేది. చివరి కీర్తన ఎప్పుడూ చరణం లేకుండానే అయిపోయేది. ఆయన కళ్లు మూసుకుని, తన్మయత్వంలో జనం ఊగిపోతున్నారనుకునేవారు.

కరపత్రం

చేరిన కొత్తలో మొదటి కరపత్రం నేనే రాశాను. "ప్రతి ఆదివారం మధ్యాహ్నం భజన అనంతరం అన్నం, కూర, చారు. అందరూ రావచ్చును." ఇందులో తప్పేముంది చెప్పండి. మా వంటమనిషి మల్లేశం అది రెండుసార్లు చదివి, నా మొహం కేసి చూసి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు. మల్లేశంది సాతంరాయే. నోరు ఊరుకోని మనిషి. అంతటి వాడు మాట్లాడనప్పుడే నేను అనుమానించాల్సింది.

ఆ ఆదివారం కోటేశ్వరరావు గారు కాశీలో ఉన్నారు. వెళ్లింది మన మంచికే అని నాకు మధ్యాహ్నానికి అర్థమైంది. భజన మొదలయ్యే వేళకు షెడ్డు నిండిపోయి జనం రోడ్డు దాకా కూర్చున్నారు. అంతకుముందు మా మొహం చూడని మగవాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. చాలామంది చేతుల్లో మూత గట్టిగా బిగిసే స్టీలు టిఫిన్లు. భజన అదిరిపోయింది. చరణాలు కూడా పాడారు. నాకు కళ్లు చెమర్చాయి, హైదరాబాదు చుట్టుపక్కల ఇంత భక్తి ఉందని నాకు తెలియదు.

తర్వాత వడ్డన. ముందు వరుసలో బుర్రమీసాల ఆయన ఒకరు బకెట్‌లోకి తొంగి చూశారు.

"అక్కా, కూరేది?"

"ఇదేనండీ."

"ఇది వంకాయ."

"అవునండీ, వంకాయ కూర."

"వంకాయ నాకెరుకే అక్కా. కూర ఏదని అడుగుతున్న."

నేను బకెట్ వంక చూశాను. ఆయనా చూశారు. వెనకనుంచి ఎవరో "కూర చివరికి పెడతరేమో, జర ఓపిక వట్టుండ్రి" అన్నారు. అందరూ ఓపిక పట్టారు. చారు వచ్చింది. మజ్జిగ వచ్చింది. మజ్జిగ వచ్చాక ఇక ఏమీ రాదన్న సంగతి ఏ ప్రాంతం వాళ్లకైనా తెలుసు.

"గిదేంది అక్కా, పాట గుడ పాడితిమి" అన్నారు మీసాల ఆయన. కోపంగా అనలేదు. నిజంగా బాధపడి అన్నారు.

మల్లేశాన్ని పక్కకు పిలిచి విషయమేమిటని అడిగాను.

"మా దిక్కు ఉత్తగ కూర అంటె యాటకూరనే అక్కా."

యాట అంటే మేక. కూర అంటే, ముందు పేరేదీ లేకుండా ఒంటరిగా కూర అంటే, మేకమాంసం.

"మరి వంకాయను ఏమంటారు?"

"వంకాయంటం."

"కరపత్రం చదివినప్పుడే చెప్పొచ్చుగా?"

అతను తల గోక్కున్నాడు. "నేను గుడ ఆశపడ్డ అక్కా."

ఆ రోజు వంకాయ బకెట్లు సగం మిగిలిపోయాయి. ఒక ముసలామె మాత్రం గుమ్మం దగ్గర కూర్చుని నింపాదిగా అంతా తిని, వేళ్లు నాకి, చెయ్యి కడుక్కుని, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. "ఉప్పు సరిపోయింది బిడ్డా. కూరనే తక్కువైంది" అంది. ఆవిడ పేరు రాజమ్మ. ఆవిడను గుర్తుంచుకోండి.

తర్వాతి వారం కరపత్రంలో "అన్నం, పప్పు, చారు" అని మార్చాను. కోటేశ్వరరావు గారు కాశీ నుంచి వచ్చాక నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. ఏమని చెప్పను, మీ భజనకు జనం మాంసం కోసం వచ్చారనా. ఆదివారం భోజనాలే ఆపించేవారు. పై అధికారికి అన్నీ విన్నవించాలని పుస్తకాల్లో ఉంటుంది. విన్నవించాక ఆయన ఏం చేస్తారో కూడా ఆలోచించుకుని విన్నవించాలని నేనంటాను.

తలుపు

రెండేళ్లు గడిచాక కోటేశ్వరరావు గారు ఊరి చివర ఉన్న తన జాగాలో వరసగా గదులు కట్టించారు. ఉండే చోటు పోయిన కుటుంబాలు కాళ్లమీద నిలబడే వరకు కిరాయి లేకుండా ఉండొచ్చు. ఆ రోజుల్లో అది చిన్న సాయం కాదు. విమానాశ్రయం వచ్చాక శంషాబాద్‌లో గొడ్ల కొట్టానికి కూడా సున్నం వేసి లాడ్జి అని పేరు పెట్టేవారు. షరతు ఒక్కటే, గదుల్లో మందూ మాంసమూ ఉండకూడదు. ఆ మాట గోడ మీద బోర్డు రాయిస్తానని ఆయన మొదటినుంచీ అంటున్నారు.

గదులు దాదాపు అన్నీ నిండాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది విమానాశ్రయం పనుల కోసం శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్లు. ఇంక ఒక్కటి మిగిలింది. దానికోసం యాదమ్మ వచ్చింది.

యాదమ్మ, ఆమె భర్త అంజయ్య, అత్త రాజమ్మ. అవును, ఆ రాజమ్మే. వాళ్లది మహేశ్వరం వైపు పల్లె. పాలుకు చేసుకునే చేను ప్లాట్లయిపోతే శంషాబాద్ వచ్చారు. యాదమ్మ విమానాశ్రయం బయట కార్లు ఆగేచోట ఊడ్చేది, అంజయ్య సామాన్లు మోసేవాడు. వాళ్లున్న రేకుల గదిని ఓనరు లాడ్జి చేయదలిచాడు. ఖాళీ చేయమంటే వాళ్లకు వేరే చోటు దొరకలేదు. అందుకని అతను ఒకరోజు వచ్చి తలుపు ఊడదీసుకుని పోయాడు.

నేను చూడడానికి వెళ్లేసరికి తలుపు ఉండాల్సిన చోట చీర కట్టి ఉంది. చీర ముందు గడప మీద రాజమ్మ కూర్చుని ఉంది.

"లోపలికి రావచ్చా అవ్వా?"

"ఆగు బిడ్డా, తీస్త" అని మెల్లగా లేచి పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్లాక మళ్లీ గడప మీద కూర్చుంది. "నేనే తలుపునైన బిడ్డా ఈ వయసుల. పొద్దుగాల తీస్తరు, మాపటికి మూస్తరు. కిర్రుమని సప్పుడు గుడ అయితది, మోకాళ్లల్ల."

కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. కానీ బయటికొచ్చాక నాకు భయమేసింది. నెలాఖరుకు రేకులు కూడా తీసుకుపోతానని ఓనరు చెప్పాడట. మా గది రాకపోతే వాళ్లు రోడ్డు మీద ఉంటారు.

ముఖాముఖి

గదులకు మనుషులను కోటేశ్వరరావు గారే స్వయంగా చూసి ఎంచేవారు. ఆయనకు కొన్ని ప్రశ్నలుండేవి. తాగుతారా, దేవుడికి దీపం పెడతారా, ఇంట్లో కూర వండుకుంటారా. ఈ చివరి ప్రశ్న ఎందుకంటే, పేదవాళ్లు వట్టి కారం మెతుకులతో సరిపెట్టుకుంటున్నారని ఆయనకు ఎవరో చెప్పారు. అది మనసులో నాటుకుపోయింది. అందరినీ అడిగేవారు. శ్రీకాకుళం వాళ్లు "వండుతామండీ, బీరకాయో బెండకాయో" అనేవారు. ఆయన తృప్తిగా తల ఊపేవారు.

యాదమ్మకు మల్లేశం ముందే పాఠం చెప్పి పంపాడు. సారు నీసు ముట్టడు, కూర సంగతి అడుగుతడు, లేదని చెప్పు, గది వస్తది. నాకు ఈ పాఠం సంగతి తెలియదు. వాళ్లు వచ్చి కూర్చున్నాకే తెలిసింది. తాగుడు ప్రశ్న అయింది, దీపం ప్రశ్న అయింది.

"ఇంట్లో కూర వండుకుంటారా అమ్మా?"

"లేదు సారు" అంది యాదమ్మ, గట్టిగా. "మా ఇంట్ల కూర ముచ్చటే లేదు."

కోటేశ్వరరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అసలు వండుకోరా?"

"బోనాలకు ఇంత, దసరాకు ఇంత. గంతే సారు."

"పండక్కి మాత్రమేనా. మరి మిగతా రోజుల్లో?"

"పచ్చిపులుసు, తొక్కు."

తొక్కు అంటే పచ్చడి. ఈ సంగతి మా వైపు అందరికీ తెలియదు. మాకు తొక్క అంటే వలిచి అవతల పారేసేది. అరటికాయ తొక్క, దోసకాయ తొక్క. ఆయన మొహం పాలిపోయింది.

ఇక్కడ రాజమ్మకు న్యాయబుద్ధి పుట్టుకొచ్చింది. "మొన్న చుట్టాలొచ్చినప్పుడు వండినవ్ గదనే" అంది కోడలితో.

యాదమ్మ మోచేత్తో పొడిచింది. "గది చుట్టాలు తెచ్చిండ్రు సారు. మేం తేలేదు."

"చుట్టాలు మీ ఇంటికి వస్తూ కూర తెచ్చుకున్నారా?" అంటూ ఆయన రాజమ్మ వైపు తిరిగారు. "మీరేం తింటారమ్మా మరి?"

"నాకేడిది బిడ్డా. పండ్లు లేవు. ఏదన్న మెత్తగుంటె ఇంత మింగుత."

ఆవిడ చెప్పింది నోట్లో పండ్ల సంగతి. ఆయన విన్నది బుట్టలో పండ్ల సంగతి. "పండ్లు కూడా లేవా" అని ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

నేను అప్పుడే నోరు విప్పి ఉండవచ్చు. చాలామంది తర్వాత అడిగారు, ఎందుకు చెప్పలేదని. నేను దాన్ని తప్పని ఒప్పుకోను. ఆయన భాషలో చూసినా ఆమె జవాబు గదికి అనుకూలమే, ఆమె భాషలో చూసినా అనుకూలమే. రెండు వైపులా ఒప్పుకున్న చోట మధ్యలో దుబాసీ ఎందుకు. ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

కోటేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. "అమ్మా, ఈ గది మీదే. నా మాటగా ఒక్కటి చెబుతున్నాను. ఇకనుంచి మీ ఇంట్లో రోజూ కూర వండాలి. పండక్కి కాదు, రోజూ. ఎవరు ఏమన్నా సరే, నేను చెప్పానని చెప్పండి."

యాదమ్మ ఆయన వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను ఇంకా ఫ్యాను వైపే చూస్తున్నాను.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఈ సారు నిజంగనే భజన సారేనా?"

"నిజంగానే యాదమ్మా."

"మరి రోజు కూరంటె మాతోని ఏడైతది అక్కా. ఐతారం ఐతారం వండుకుంటె నడుస్తదా? సారుకు కోపం రాదు గద?"

"ఆదివారం వండుకున్నా నడుస్తుంది" అన్నాను.

మర్నాడు ఆయన ఒక వంకర బకెట్ నిండా కూరగాయలు, ఇంకో వంకర బకెట్ నిండా దోరజామకాయలు పంపారు. రాజమ్మ ఒక జామకాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పండ్లు లేవంటె జామకాయలు పంపిండు. ఏం మనిషోయమ్మ" అంది.

పాలు పొంగిన రోజు

గదిలో చేరడానికి ముహూర్తం ఆయనే పెట్టారు. పాలు పొంగించే వేళకు తాను వస్తానన్నారు, యాదమ్మ భోజనం చేసి వెళ్లాలంది, ఆయన సరే అన్నారు. అదే రోజు బోర్డు రాసే పెయింటర్‌ను కూడా రమ్మన్నారు. అప్పటికి పాత గది రేకులు ఊడిపోయాయి. సామానంతా ఇక్కడికి వచ్చేసింది. వెనక్కు పోవడానికి ఇక ఏమీ లేదు.

నేను కాస్త ముందుగా వెళ్లాను. వీధి మలుపులోనే వాసన తగిలింది. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, వాటి కింద అనుమానానికి తావు లేని ఇంకో వాసన. గబగబా నడిచాను.

మల్లేశం వాకిట్లో ఉన్నాడు. "సారు చెప్పిండని వండిందట అక్కా. నేనొచ్చెటాల్లకే ఉడుకుతున్నది."

"ఏదో ఒకటి చెయ్యి" అన్నాను. అతను దేవుడి పటం దగ్గరున్న అగరొత్తుల కట్ట మొత్తం ఒకేసారి వెలిగించాడు. గది పొగతో నిండింది. దగ్గుకుంటూ రాజమ్మ బయటికి వచ్చి "దోమలకా బిడ్డా?" అని అడిగింది. ఇప్పుడు గదిలో రెండు వాసనలు, ఒకదాన్ని మించి ఒకటి.

కోటేశ్వరరావు గారు వచ్చారు. పాలు పొంగాయి. పెయింటర్ బయట స్టూలెక్కి, గోడ మీద మొదటి వరుస "ఈ గదులలో మద్యం, మాంసం నిషేధం" అని రాయడం మొదలుపెట్టాడు. లోపల ఆయన పీట మీద కూర్చుని చుట్టూ చూసి, రెండుసార్లు దగ్గి, ఎంతో ప్రేమగా అడిగారు.

"కూర వండావా అమ్మా?"

"వండిన సారు. మీరు చెప్పిండ్రు గదా."

"శభాష్. ఏదీ చూడనీ."

నేను "ముందు ప్రసాదం తీసుకోండి" అంటూ అడ్డం వెళ్లాను. ఆయన నన్ను తప్పించుకుని మూత తానే తీశారు. చాలాసేపు చూశారు. వంకాయ ముక్కో బంగాళాదుంప ముక్కో కనబడుతుందేమోనని చూస్తున్నట్టుంది. పొగ వల్ల కళ్లు చిట్లించి మళ్లీ చూశారు.

"ఇది ఏం కూరమ్మా?"

"కూరనే సారు."

"అదే. ఏం కూర?"

"యాటకూర" అంది రాజమ్మ సాయంగా.

బయట పెయింటర్ బ్రష్ గోడ మీద రాసుకుంటున్న చప్పుడు వినబడింది. సామాన్ల మూటలింకా విప్పలేదు, మూలన పేర్చి ఉన్నాయి. వాటిని మళ్లీ ఎత్తుకోవాల్సి వస్తుందని నేను నిశ్చయించుకున్నాను. ఆయన మొహం చూస్తే అలాగే ఉంది.

యాదమ్మకు ఇదేమీ తెలియదు. ఆమె ఆయన ముందు ఆకు వేసి, ఇంకో గిన్నె తెచ్చి పెట్టింది.

"మీకు ఏరే పొయ్యి మీద పప్పు చేసిన సారు, కొత్త గిన్నెల. గంటె గుడ కొత్తదే, దీన్ల ముంచలే. మీరు కూర తినరని నాకెరుకే." కొంగుతో పీట ముందు తుడిచింది. "మస్తుమంది దేవుని మనుషుల్ని చూసిన సారు. అందరు మమ్ముల కూర తినొద్దనెటోల్లే. తిన్నమని తెలిస్తె వాకిట్లకు గుడ రానియ్యరు. మీరు మీ నోటికి ముట్టరు, మమ్ముల మాత్రం కడుపునిండ తినుమన్నరు. గంత పెద్ద మనసు నేనేడ జూడలే. మా వాడకట్టంత చెప్పుకున్న."

కోటేశ్వరరావు గారు మూత ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నారు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగారు. "మీకు ముందే తెలుసా సత్యవతి గారూ?"

"వంట సంగతి తెలియదండీ" అన్నాను. "భాష సంగతి తెలుసు."

ఆయన మూతను చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా గిన్నె మీద పెట్టారు. నాకు ఇప్పటికీ ఆయన మీద ఉన్న గౌరవమంతా ఆ మూత పెట్టిన తీరు వల్లే. విసిరేయవచ్చు. ఆ పొరపాటును విడమర్చి చెప్పి, ఆమె వాడంతా చెప్పుకున్న మాటను ఆమె చేతే మింగించవచ్చు. ఆయన పీట మీద సర్దుకుని కూర్చున్నారు.

"పప్పు వడ్డించమ్మా" అన్నారు. "మీరూ కూర్చోండి. ఒక్కణ్నే తినలేను."

అందరం కూర్చున్నాం. ఆయన ఆకులో పప్పూ పచ్చిపులుసూ, పక్కన రాజమ్మ ఆకులో కూర. తొక్కు వేయమంటారా అని యాదమ్మ అడిగితే ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయారు. చూశాక, చింతకాయ పచ్చడి అని తెలిసి రెండుసార్లు వేయించుకున్నారు. రాజమ్మ ముక్కను పళ్లు లేని నోట్లో అటూ ఇటూ తిప్పి తిప్పి, చివరికి మింగి, తీర్పు చెప్పింది.

"ఉప్పు జర తక్కువైంది. కూర మంచిగుంది."

ఆయన నవ్వారు. ఆయన నవ్వాక నాకు ఏడుపొచ్చింది, అగరొత్తుల పొగ మీదికి నెట్టేశాను.

రెండో వరుస

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు ఊరికే అనలేదు. అన్నం పెట్టే చెయ్యి పైన ఉంటుంది కాబట్టి ఆ చేతికి అన్నీ తెలుసునన్న భ్రమ కలుగుతుంది. పెట్టిన తర్వాత పళ్లెంలోకి తొంగి చూడకండి. తొంగి చూడని మనిషని మిమ్మల్ని ఎవరైనా పొరపాటున పొగిడితే, ఆ పొగడ్తకు తగ్గట్టు బతకడానికి ప్రయత్నించండి. కోటేశ్వరరావు గారు ప్రయత్నించారు. ఆ తర్వాత భజన కూడా భోజనం అయ్యాకే పెట్టించారు. జనం తగ్గారు గానీ చరణాలు పూర్తయ్యేవి.

ఆ రోజు చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి పెయింటర్ మొదటి వరుస పూర్తి చేసి, స్టూలు మీదే ఎదురుచూస్తున్నాడు. అతనిదీ శంషాబాదే.

"రెండో లైను ఏం రాయాలె సారు?"

కోటేశ్వరరావు గారు గోడ వైపు చూశారు. మండలి నియమం అది, పదిమందిలో చెప్పిన మాట, చెరపడానికి లేదు. లోపలినుంచి యాదమ్మ గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వస్తోంది. ఆ కూర మాటా ఆయన ఇచ్చిందే.

"కూరకు అభ్యంతరం లేదు, అని రాయి."

పెయింటర్ మొదటి వరుస చదువుకున్నాడు. బ్రష్ ఎత్తి ఆగాడు. "సారు, మీద మాంసం వద్దంటున్నరు, కింద కూర వండుకోమంటున్నరు. రెండు ఎట్ల నడుస్తయి?"

"రాయవయ్యా" అన్నారు ఆయన, చెప్పులు వేసుకుంటూ. "రెండూ తెలుగే కదా."